పెరటి కూర: పల్లె నుండి కొండమీది నగరము వరకు

తెలుగు గృహిణికి పెరడు వంటయింటిలో సగము. నూతిగట్టు ప్రక్కన కరివేపచెట్టు, మూలను మునగ, దడిమీద బచ్చలితీగ, నీరు జాలువారు చోట కొత్తిమీర, పుదీన, ఎండ తగులు చోట గోంగూర, పచ్చిమిరప: ఇవి యున్న యింట కూర కొరకు అంగడికి పరుగెత్తవలసిన పని యుండెడిది కాదు. పొయ్యిమీద ఎసరు పెట్టి, అది కాగులోపల పెరటిలోనికి పోయి ఆకు కోసికొని వచ్చెడివారు. రాజుల యుద్ధములకు శాసనములు కలవు. పెరటికూరకు శాసనము లేదు. అయినను దానికిని చరిత్ర కలదు. ఆ చరిత్ర నేడు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవైన జూబిలీ హిల్సు, ఫిలింనగరు కొండలవరకును సాగివచ్చినది.

ఇట్టి చరిత్రను కావ్యములనుండి వెలికితీయవచ్చునని తెలుగువారికి చూపినవారిలో సురవరము ప్రతాపరెడ్డిగారు ముఖ్యులు. 1949లో వెలువడిన వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజులకంటె ప్రజల తిండి, బట్ట, ఆట, పాటలకే పెద్దపీట లభించినది. కేంద్ర సాహిత్య అకాడమి తెలుగునకు ఇచ్చిన తొలి బహుమానము 1955లో ఆ గ్రంథమునకే దక్కెను. కాని 1953లోనే కీర్తిశేషులైన ఆ మహనీయుడు దానిని కన్నులార చూడలేదు.

కావ్యములలో భోజనమునకు పేరుపొందినది శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద. 1509 నుండి 1529 వరకు విజయనగరము నేలిన ఆ రాజు, తన కావ్యమున విష్ణుచిత్తుని యింటి అతిథిసత్కారమును ఋతువుల వారీగా వర్ణించెను. వానకాలమున కట్టెలు తడిసిపోవును గనుక కొబ్బరిచిప్పలతో వంట చేసి, వరియన్నము, పప్పు, తాళింపు వేసిన నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు వడ్డించిరట. వేసవిలో నులివెచ్చని అన్నము, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకురసము, లేత కొబ్బరినీరు. చలికాలమున వేడియన్నము, మిరియపుపొడి చల్లిన కూరలు, ముక్కునకు ఘాటెక్కు ఆవపచ్చళ్లు, కాగిన నెయ్యి. కాలము నెరిగి వండుట, దొరికినదానిని దొరికినప్పుడు తినుట, దొరకని దినములకు ఎండబెట్టి దాచుకొనుట అను మూడు సూత్రములును ఆ వర్ణనలో ఇమిడియున్నవి.

ఆ చలికాలపు భోజనమున కారము మిరియములది, ఆవాలది. మిరపకాయది కాదు. మిరప అమెరికా ఖండమున పుట్టిన మొక్క. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలమీద భారతదేశమునకు వచ్చి, మిరియమును పోలిన పేరు తెచ్చుకొని, క్రమముగా మిరియమునే వెనుకకు నెట్టినది. మిరియపుతీగ పెరుగుటకు మలబారు వంటి తడినేల కావలెను. మిరపమొక్కకు పెరటిలో జానెడు చోటు చాలును. డబ్బిచ్చి కొనవలసిన కారము, పెంచుకొనదగిన కారమైనది. పేదవాని విస్తరికి రుచి వచ్చుటకు ఇంతకంటె కారణము వెదకనక్కరలేదు. బంగాళాదుంప, రామములగ యనబడిన టమాట కూడ ఆ ఖండమునుండి వచ్చినవే. నేడు తరతరాల ఆచారముగా తోచు వంటలో కొత్తగా వచ్చి పెరటిలో కలిసిపోయినవి ఎన్నియో కలవు.

తెలంగాణపు పల్లెలలో పెరటితో పాటు పొలముగట్టు కూడ కూరగాయల అంగడియే. విత్తకయే మొలచు గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మి, గునుగు, జొన్నచెంచలి మొదలైనవి కలుపు తీయువారి కొంగులలో ఇంటికి చేరెడివి. వినాయకచవితినాడు తుమ్మికూర వండుట పలుచోట్ల ఆచారము. బతుకమ్మను పేర్చు గునుగు, పూయకముందు లేతాకుగా నున్నప్పుడు కూర యగును. కోస్తావారి గోంగూర ఇచ్చట పుంటికూర. జొన్నరొట్టెకు అది ఉద్దియైన జోడు.

హైదరాబాదు నగరమున ఈ ఆకులు మతభేదము నెరుగవు. గోంగూరను అంబాడా యని పిలిచి మాంసముతో వండుట అచ్చటి ముస్లిముల యిండ్లలో ప్రసిద్ధము. చింతచిగురును తెలుగువారు అరచేతుల నడుమ నలిపి, ఈనెలు ఏరివేసి, ఉడికిన కందిపప్పులో కలిపి, ఎండుమిరప, వెల్లుల్లితో తాళింపు వేయుదురు. అదే చిగురు పొరుగింట మాంసపు కూరకు పులుపగును. వేసవి మొదట కొలది వారములు మాత్రమే దొరకు ఆ చిగురు కొరకు ఇరువురును ఒకే గంప ముందు నిలిచి బేరమాడుదురు.

చలనచిత్ర పరిశ్రమ మద్రాసున నున్న దినములలో కూడ దాని మనుష్యులు పల్లెల రుచిని మరువలేదు. 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రమున పెండ్లిభోజనముల నడుమ గోంగూరకు ప్రశంస దక్కుటయే ఇందుకు నిదర్శనము. అక్కినేని నాగేశ్వరరావుగారు కృష్ణాజిల్లా రామాపురపు రైతుబిడ్డ. రామానాయుడుగారు కారంచేడు నుండి వచ్చినవారు. నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో 1976లో బంజారా హిల్సున ప్రారంభమయ్యెను. తరువాత ఫిలింనగరున రామానాయుడు స్టూడియో వెలసెను. పరిశ్రమ క్రమముగా మద్రాసును వీడి ఈ కొండలకు చేరినది.

ఇది రాతినేల. గుండ్ల నడుమ సీతాఫలపు పొదలు తప్ప మరియేమి పండునని చూచినవారు అనుకొనెడివారు. 1960ల దశకమునుండి గృహనిర్మాణ సహకార సంఘము ద్వారా జూబిలీ హిల్సున ఇండ్లు లేచినవి. వాటి చుట్టును విశాలమైన ఆవరణలుండెను. మన్ను తెచ్చి పోసి, ఆ రాళ్ల నడుమ కరివేప, మునగ, నిమ్మ పెంచిరి. కాలము గడిచినకొలది నేల విలువ పెరిగినది. ఆవరణ లున్న ఇండ్లు పెక్కు అంతస్తుల భవనములైనవి. పెరడున్న చోట కారు నిలుచుచున్నది. ఒకనాటి కొండ యెట్లుండెనో తెలియుటకు 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనమును చూడవలెను.

పెరడు పోయినంతమాత్రమున నష్టమేమని యడుగవచ్చును. ఫిలింనగరు కొండవాలున, కృష్ణానగరు సందులలో చిత్రపరిశ్రమనే నమ్ముకొన్న శ్రామికులు వేలమంది నివసింతురు. పని యున్ననాడు స్టూడియోలో భోజనము దొరకును. లేనినాడు ఇంటి పొయ్యియే దిక్కు. అట్టి యిండ్లకు ఆకుకూర వంటి చౌకయైన పోషణ మరియొకటి లేదు. 1918లో కూనూరున చిన్న పరిశోధనాశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైన పరిశోధనాలయము ఈ సత్యమును శాస్త్రరీత్యా స్థాపించినది. పిల్లలకు రేచీకటి ఎ-విటమిను లోపమువలన వచ్చునని, ముదురాకుపచ్చ కూరలు ఆ లోపమును తీర్చగలవని అచ్చటి శాస్త్రజ్ఞులు చాటిరి. ఈ సంస్థ పరిశోధనల ఫలితముగానే 1970లో పిల్లలకు ఎ-విటమిను మందునిచ్చు జాతీయ కార్యక్రమము మొదలయ్యెను. మునగాకు, తోటకూర పెరిగిన పెరడు ఆ మందుసీసాకు అక్కవంటిది.

కొని తెచ్చుకొను ఆకుకూరలో మరియొక చిక్కు కలదు. మూసీనది నగరము దాటిన తరువాత మురుగునీటితో పారును. ఆ నీటితోనే దిగువ గ్రామములలో వరి, పశుగ్రాసము, ఆకుకూరలు పండినవి. రైతుకు మరియొక నీరు లేనప్పుడు అతనిని నిందించుట న్యాయము కాదు. కాని కట్ట చూచి ఆకు ఏ నీట పెరిగినదో కొనువారు చెప్పలేరు. రైతును, కొనువానిని ముఖాముఖి కలుపవలెనని 1999 జనవరి 26న రైతుబజారులు ప్రారంభమైనవి. జూబిలీ హిల్సునకు చేరువలోనే ఎర్రగడ్డ రైతుబజారు కలదు. దళారి లేని అంగడి మంచిదే. అయినను కోసిన గడియలోనే కూరయగు ఆకు పెరటిదే.

అందుచేతనే నగరవాసుల చూపు మిద్దెమీదికి మరలినది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు నగరపు అంచున నారపల్లిలోని తమ యింటి మిద్దెమీద కూరగాయలు పండించి, ఆ యనుభవమును గ్రంథముగా వ్రాసి, అనేకులను ఆ మార్గమున నడిపించిరి. ఎండ తగులు గోడప్రక్క నాలుగు కుండీలున్న, మెంతికూర, కొత్తిమీర, పుదీన ఒక చిన్న కుటుంబమునకు అక్కరకు వచ్చును. ఇది ధనవంతుల వినోదమని తలపరాదు. పగిలిన బొక్కెనలోనైనను తోటకూర మొలచును.

నగరము పెరటిని పోగొట్టుకొని, అరువది యేండ్లకు దానిని మిద్దెమీద వెదకుకొనుచున్నది. పల్లెలో పెరడు ఇంకను నేలమీదనే యున్నది. కాని దానిలోను సిమెంటు పరచుచున్నారు. గట్టుమీది గంగవాయిలి, పొన్నగంటి కలుపుమందుకు మాడిపోవుచున్నవి. వాటితో పాటు వాటి పేర్లును పోవును. ఏ ఆకు ఏ కార్తెలో కోయవలెనో, దేనిని పప్పులో వేయవలెనో, దేనిని వేయించవలెనో ఎరిగిన ముసలమ్మలు ప్రతి గ్రామమునను నేటికిని కలరు. వారు చెప్పగా చదువుకొన్న పిల్లలు వ్రాసి గ్రంథాలయమున భద్రపరచినచో, శాసనములేని ఈ చరిత్రకు అదియే శాసనమగును. ఆ వ్రాతకు తోడు గ్రంథాలయపు ఆవరణలో ఒక కరివేపమొక్క నాటినచో, చదువరులు పుస్తకముతో పాటు ఒక రెబ్బయు ఇంటికి కొనిపోవుదురు.