ఆదిలాబాదు గోండుల చరిత్ర

గోండులు మధ్య భారతదేశంలోనూ, ఉత్తర తెలంగాణలోనూ నివసించే పెద్ద ఆదివాసీ సమూహము. తెలంగాణలో వీరు ప్రధానంగా పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు చెందిన జైనూరు, ఉట్నూరు, నార్నూరు, ఇంద్రవెల్లి, ఆసిఫాబాదు ప్రాంతాలలో ఉన్నారు. ఇక్కడివారిని రాజ్‌గోండులు అంటారు. వీరు తమను కోయితూర్ అని చెప్పుకుంటారు. వీరి భాష గోండి, తెలుగు వలెనే ద్రావిడ భాషాకుటుంబానికి చెందినది. ఒకప్పుడు రాజ్యాలేలిన ఈ ప్రజల చరిత్ర చాలావరకు గాయకుల నోటిలో, జాతరలలో, కొద్దిపాటి చేతివ్రాత పుస్తకాలలో నిలిచి ఉంది.

గోండు రాజ్యాలు

గోండు రాజ్యాలలో గఢా-మండ్లా, దేవగఢ్, ఖేర్లా, చాందా ముఖ్యమైనవి. గఢా-మండ్లా రాణి దుర్గావతి 1564లో అక్బరు సేనలతో పోరాడి మరణించింది. ఆదిలాబాదు ప్రాంతానికి చాందా (నేటి మహారాష్ట్రలోని చంద్రాపూర్) రాజ్యంతో దగ్గరి సంబంధం ఉంది. సంప్రదాయ కథనం ప్రకారం చాందా రాజుల తొలి రాజధాని సిర్పూరు. తరువాత రాజధాని బల్లార్షాకు, అక్కడినుండి చంద్రాపూర్‌కు మారింది. 1751లో ఈ రాజ్యాన్ని నాగపూరు భోంస్లేలు ఆక్రమించారు. కాలక్రమంలో ఆదిలాబాదు ప్రాంతం హైదరాబాదు నిజాముల ఏలుబడిలోకి వచ్చింది. ఉట్నూరులో గోండు రాజుల కోట ఉంది.

సమాజం, మౌఖిక చరిత్ర

గోండు వంశాలు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా విభజింపబడి ఉన్నాయి. ఒకే సగకు చెందినవారి మధ్య వివాహం నిషిద్ధం. ఈ ఏర్పాటు చేసినవాడు పహండి కుపార్ లింగల్ అని వారి పురాణగాథ చెబుతుంది. ఈ గాథలను, వంశచరిత్రలను పర్ధానులు కిక్రి వాయిస్తూ గానం చేస్తారు. పుష్యమాసంలో కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతర, దీపావళికి ముందు జరిగే దండారి ప్రసిద్ధమైనవి. దండారిలో ఆడే గుస్సాడి నృత్యానికి గుర్తింపు తెచ్చిన జైనూరు మండలం మార్లవాయి వాసి కనకరాజుకు 2021లో పద్మశ్రీ లభించింది. ఆయన 2024లో మరణించారు.

భూమి కోసం పోరాటం

నిజాం పాలనలో అడవులను రిజర్వు చేయడం వలన, బయటినుండి వచ్చిన రైతులు పట్టాలు పొందడం వలన గోండులు తాము సాగుచేస్తున్న భూములను కోల్పోయారు. దీనిని ఎదిరించిన కుమ్రం భీమ్ 1940లో జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పులలో మరణించాడు. ఆ తరువాత మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో నివసించి గోండుల జీవనాన్ని అధ్యయనం చేశాడు. నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా పనిచేశాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. ఆయన భార్య బెట్టీ 1987లో మరణించగా ఆమెను మార్లవాయిలోనే ఖననం చేశారు. అయినప్పటికీ భూసమస్య తీరలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు.

గుంజాల లిపి

నార్నూరు మండలం గుంజాల గ్రామంలో గోండి లిపిలో ఉన్న చేతివ్రాత పుస్తకాలు పరిశోధకుల దృష్టికి వచ్చాయి. ఇవి సుమారు 1750 నాటివని అంచనా. మధ్య అమెరికాలో మాయా ప్రజల పుస్తకాలను 16వ శతాబ్దంలో స్పానిష్ మతాధికారులు తగులబెట్టగా నాలుగు మాత్రమే మిగిలాయి. లిపి చదవగలిగినవారు లేకపోవడంతో దానిని విప్పడానికి పండితులు 20వ శతాబ్దంలో ఎంతో శ్రమపడవలసి వచ్చింది. గుంజాలలో మాత్రం లిపి తెలిసిన కొందరు వృద్ధులు ఇంకా జీవించి ఉండటం వలన అక్షరాల ఉచ్చారణ నేరుగా వారినుండే తెలిసింది. 2018లో ఈ లిపి యూనికోడ్ 11.0లో చేరింది. దీనితో కంప్యూటర్లలో గోండిని సొంత లిపిలో వ్రాయడానికి, పాఠ్యపుస్తకాలు ముద్రించడానికి మార్గం ఏర్పడింది.