జేబులు ఖాళీ అయిన ఏడాది

ఢిల్లీలో జన నాట్య మంచ్ అనే బృందం ఉంది. క్లుప్తంగా ‘జనం’ అంటారు. వీధి నాటకం అనగానే ఉత్తరాదిలో మొదట చెప్పే పేరు అదే. విచిత్రమేమిటంటే, 1973లో ఆ బృందం పెట్టినవాళ్లకు వీధిలో ఆడాలన్న పట్టుదలేమీ లేదు. వాళ్లంతా వామపక్ష విద్యార్థులు. మన ప్రజానాట్యమండలి ఏ తానులో గుడ్డో ఆ ఇప్టా నాటక సంఘం ఢిల్లీ శాఖలో కొన్నాళ్లు పనిచేసి బయటికొచ్చారు. వేదిక కట్టి, దీపాలు పెట్టి, పెద్ద నాటకాలే ఆడారు. సర్వేశ్వర్ దయాళ్ సక్సేనా రాసిన ‘బకరీ’ని బస్తీలకూ పల్లెలకూ మోసుకెళ్లారు. పేదరాలి మేకను లాక్కుని, ఇది గాంధీగారి మేక అని చెప్పి చందాలు దండుకునే దొంగల కథ అది.

1975 జూన్‌లో ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని అలహాబాదు హైకోర్టు తీర్పు చెప్పింది. జనం వెంటనే ‘కుర్సీ కుర్సీ కుర్సీ’ కట్టింది. ఎన్నికైన కొత్తవాడికి సింహాసనం అప్పగిద్దామని రాజు లేస్తాడు, ఆయనతోపాటు కుర్చీ కూడా లేస్తుంది. ఎంత గుంజినా ఊడిరాదు. బోట్ క్లబ్ పచ్చికలో వారం రోజులు ఆడారు. ఆ వెంటనే ఎమర్జెన్సీ వచ్చిపడింది, ఆటలు ఆగాయి.

ఎమర్జెన్సీ పోయాక మళ్లీ గజ్జె కడదామంటే పిలిచేవాళ్లు లేరు. అభిమానం తగ్గి కాదు. అంతకుముందు ఖర్చులు పెట్టుకుని ఆడించిన కార్మిక సంఘాల దగ్గర పైసలు లేవు. తెరలు, దీపాలు, వాటిని మోసే బండి, అన్నిటికీ డబ్బే కదా. పెద్ద నాటకం తీసుకెళ్లలేకపోతే చిన్న నాటకం తీసుకెళ్దాం అనుకున్నారు. వీధి నాటకం మీద తర్వాత బోలెడు సిద్ధాంతచర్చ జరిగింది గానీ, జనం విషయంలో దాని పుట్టుక మాత్రం ఈ లెక్కల్లోనే ఉంది. వీధిభాగోతం చూసి పెరిగిన తెలుగువాళ్లకు ఇందులో ఆశ్చర్యపడేదేమీ ఉండదు.

కథ ఢిల్లీ దగ్గరి హెరిగ్ ఇండియా అనే ఫ్యాక్టరీలో దొరికింది. అక్కడి కార్మికులు అడిగింది రెండే: సైకిళ్లు పెట్టుకోవడానికి స్టాండు, టీ తాగి తెచ్చుకున్న అన్నం వేడిచేసుకోవడానికి క్యాంటీను. యాజమాన్యం ససేమిరా అంది. సమ్మె జరిగింది, కాపలావాళ్లు కాల్పులు జరిపారు, ఆరుగురు కార్మికులు చనిపోయారు. బృందంలోని సఫ్దర్ హష్మీ, రాకేశ్ సక్సేనా కలిసి దాన్ని ‘మషీన్’గా రాశారు. ఆట మొత్తం 13 నిమిషాలు. సెట్టు లేదు, నటులే యంత్రం. చేతులు ఊపుతూ, నోటితో చప్పుడు చేస్తూ లయలో తిరుగుతుంటారు. ఉన్నట్టుండి అది ఆగిపోతుంది. ఎందుకు ఆగింది అన్న ప్రశ్నతో కథ మొదలవుతుంది.

1978 నవంబరులో తాల్‌కటోరా స్టేడియంలో సుమారు 7,000 మంది కార్మిక ప్రతినిధుల ముందు దాన్ని ఆడారు. వచ్చినవాళ్లు టేపుల్లో రికార్డు చేసుకుని వెళ్లి, తమ తమ ఊళ్లలో తమ భాషల్లో ఆడుకున్నారు. హక్కులూ అనుమతులూ ఎవరూ అడగలేదు.

అక్కణ్ణుంచి ఆట ఆగలేదు. మరుసటి ఏడే ఆడవాళ్ల బతుకు మీద ‘ఔరత్’, బస్సు చార్జీల పెంపు మీద ఇంకొకటి కట్టారు. ఆట అయ్యాక దుప్పటి పట్టి, చూసినవాళ్లు వేసిన చిల్లరతో పైఖర్చులు వెళ్లదీసుకున్నారు. ప్రభుత్వ గ్రాంటులూ కంపెనీల సొమ్మూ ముట్టబోమన్నది వాళ్ల నియమం. మొదట గతిలేక పట్టిన దారి ఇలా పంతంగా మారింది. అలాగని వేదికను వెలివేయలేదు. ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా ‘మోటేరామ్ కా సత్యాగ్రహ్’ను 1988లో హబీబ్ తన్వీర్ దర్శకత్వంలో వేదిక మీదే ఆడారు.

1989 జనవరి 1న ఢిల్లీ శివార్లలోని సాహిబాబాద్ పక్కన ఝండాపూర్‌లో ‘హల్లా బోల్’ ఆడుతున్నారు. మున్సిపల్ ఎన్నికల రోజులు. కాంగ్రెస్ మద్దతున్న అభ్యర్థి, అతని మనుషులు వచ్చి దాడిచేశారు. రామ్ బహదూర్ అనే కార్మికుణ్ణి కాల్చి చంపారు. తలకు దెబ్బలు తగిలిన సఫ్దర్ మర్నాడు కన్నుమూశాడు. అతనికి అప్పుడు 34 ఏళ్లు. 4వ తేదీన భార్య మలయశ్రీ, మిగతా బృందం అదే చోటికి వెళ్లి, ఆగిపోయిన నాటకాన్ని మళ్లీ మొదటినుంచి చివరిదాకా ఆడారు. కోర్టు తీర్పు రావడానికి 2003 దాకా పట్టింది.

ఏటా జనవరి 1న ఝండాపూర్‌లో ఇప్పటికీ ఆట ఉంటుంది. సఫ్దర్ పుట్టిన ఏప్రిల్ 12ను దేశమంతా వీధి నాటక దినంగా జరుపుకొంటోంది. ఇన్నేళ్లూ ఎవరి గదిలోనో రిహార్సల్ చేసుకున్న బృందానికి 2012లో షాదీ ఖాంపూర్‌లో సొంత స్టూడియో అమరింది. పక్కనే మేడే పుస్తకాల కొట్టు కూడా తెరిచారు.