కడ్డీకి బదులు స్టీల్ ఫైబరా? మట్టిగోడ నుంచి సొరంగం దాకా

"శ్లాబులో స్టీల్ ఫైబర్ కలిపితే కడ్డీలు తగ్గించుకోవచ్చంట కదా అన్నా?" అని రాచర్ల, గిద్దలూరు వైపు ఇల్లు కట్టుకునే తమ్ముళ్లు అడుగుతున్నారు. జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన ఊళ్లలో పాత మట్టిగోడలు చూడండి. మట్టిలో గడ్డి వేసి తొక్కేవాళ్లు. గోడ ఎండేటప్పుడు పగులు వస్తుంది, కానీ గడ్డిపోచలు రెండు పక్కలా పట్టుకుని దాన్ని పెద్దది కానివ్వవు. స్టీల్ ఫైబర్ చేసేదీ ఇదే.

మామూలు కాంక్రీటు నొక్కితే ఆగుతుంది, వంచితే విరుగుతుంది. ఎం20 కాంక్రీటుకి నొక్కుడు బలం చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు అయితే, వంపుకి ఐఎస్ 456 లెక్కలో 3 చిల్లరే. అందుకే 1867లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మోనియర్ అనే తోటమాలి ఇనుప వల పెట్టి సిమెంటు తొట్లు చేసి పేటెంట్ తీసుకున్నాడు. మన శ్లాబుకి తాత ఆ పూలతొట్టే! 1874లోనే అమెరికాలో బెరార్డ్ ఇనుప తుక్కు కలిపిన కాంక్రీటుకి పేటెంట్ తీసుకున్నాడు. కానీ 1963లో రోముఆల్డి, బాట్సన్ పేపర్ వచ్చాకే ఈ దారిలో గట్టి పరిశోధన మొదలైంది.

ఫైబర్ కలిపితే నొక్కుడు బలం పెద్దగా పెరగదు. పగులు అసలు రాదనీ కాదు. మామూలు కాంక్రీటు పగిలితే టక్కున రెండు ముక్కలు. ఫైబర్ ఉన్నది పగిలాక కూడా బరువు మోస్తుంది, ఎందుకంటే కొసలు వంచిన ఆ తీగముక్కలు ఊడిరావడానికి చాలా బలం కావాలి.

మన వెలిగొండ తెలుసుగా? 1996లో శంకుస్థాపన, మొదటి సొరంగం తవ్వకం 2021కి, రెండోది 2024కి పూర్తి. పైన నల్లమల అడవి, పేలుళ్లు వద్దని టీబీఎం దించారు. వెనకాలే కాంక్రీటు సెగ్మెంట్లు బిగించుకుంటూ పోయారు. ఇలాంటి సెగ్మెంటు ఎత్తి దించేటప్పుడు అంచులు రాలుతుంటాయి. కడ్డీ అంచుదాకా రాదు, తుప్పు పట్టకుండా పైన కవర్ వదలాలి కదా. ఫైబర్ అయితే అంచులో కూడా ఉంటుంది. అందుకే ఇంగ్లండ్‌లో ఛానల్ టన్నెల్ రైల్ లింక్ సొరంగాలకి స్టీల్ ఫైబర్ సెగ్మెంట్లు వాడారు.

మరి మీ శ్లాబు? సొరంగం రింగుని చుట్టూ కొండ నొక్కుతుంటుంది. మీ శ్లాబు గాల్లో వంగుతుంది. ఆ లాగుడు ఎక్కడుందో అక్కడ, ఆ దిశలోనే ఇనుము పడాలి. ఫైబర్ ఎటుపడితే అటు తిరిగి ఉంటుంది. కాబట్టి అది ఉందని ఇంజనీరు డ్రాయింగ్‌లో ఒక్క కడ్డీ కూడా మేస్త్రి మాట మీద తీసేయొద్దు. గోడౌన్ ఫ్లోరింగో, సిమెంటు రోడ్డో అయితే ఫైబర్ గురించి ఇంజనీరుని అడగండి. మిల్లర్‌లో మాత్రం కొద్దికొద్దిగా చల్లించండి, ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కట్టేస్తుంది.