దూరభాండాగారములలోని తెలుగు పుటలు: పఠనభంగముల చరిత్ర

కామాఠిపురమునకు పేరిచ్చినవారు తెలుగుదేశమునుండి వచ్చిన కామాఠీలు. 18వ శతాబ్ది చివరి భాగమునుండి వారు బొంబాయి కట్టడములందు పాటుపడిరి. వారి వెనుక వచ్చినవారు మిల్లులలో చేరిరి. చాళ్ళలోని ఇరుకు గదులలో పుస్తకముల బీరువాకు తావు తక్కువ. నగరపాలక సంస్థ తెలుగు బడులలో చదువు పిల్లలకు పాతగ్రంథము కావలసినచో తరచుగా దూరభాండాగారమే దిక్కు.

అట్టివానిలో ముఖ్యమైనది భారత డిజిటల్ గ్రంథాలయము. 1994లో ట్యూరింగ్ పురస్కారమందిన రాజ్ రెడ్డిగారి పదిలక్షల పుస్తకముల సంకల్పమునుండి అది 2000 తరువాతి తొలి సంవత్సరములలో రూపొందెను. బెంగుళూరు, హైదరాబాదు మొదలగు చోట్ల గ్రంథములను స్కాన్ చేసిరి. ఒక్కొక్క పుట ఒక్కొక్క ఫైలు. పట్టిక యొకచోట, పుటలు వేరొకచోట. చిక్కంతయు నిందే యుండెను. పట్టికలో పేరుండెను, పుట రాకుండెను.

పుటలను మోసితెచ్చు హెచ్.టి.టి.పి. పద్ధతి 1991లో మిక్కిలి సామాన్యముగా నుండెను. సంబంధము తెగుటయే ఫైలు ముగిసినట్లు గుర్తు. కావున పూర్తియైన పుటకును, దారిలో తెగిన పుటకును భేదము తెలియకుండెను! 1996 మే నాటి 1.0 ప్రమాణమున ఫలితసంఖ్యలు, ఫైలు పొడవు తెలుపు పంక్తి చేరినవి. 1997 జనవరి నాటి 1.1 ప్రమాణము మిగిలిన భాగమును మాత్రమే అడుగు వీలు కల్పించెను.

దోషమును వెదకువారు ముందు సంఖ్యను చూడవలెను. అసలు సంఖ్యయే రానిచో, గల్లీయే దొరకని ఉత్తరము వంటిది. సర్వరు పేరో దారియో తప్పినది. 404 వచ్చినచో చాలు దొరకినది గాని ఆ గది లేదు. 500 మొదలగునవి భాండాగారపు సొంత జబ్బు. 200 వచ్చియు పొడవు తగ్గుట అన్నిటికంటె మోసకరము. తెరపై సగము బొమ్మ కనబడగనే పుట వచ్చినదని పలువురు తృప్తిపడుదురు. మిగిలిన భాగమడిగినపుడు 206 రావలెను. 200 వచ్చెనేని సర్వరు మొదటినుండి పంపుచున్నదని యర్థము. దానిని పాతసగమునకు అతికించినచో ఫైలు పాడగును.

పొడవు సరిపోయినను అక్షరములు చెడవచ్చును. 2003లో గూగుల్ వారు ప్రకటించిన భాండాగార పద్ధతిలో 64 మెగాబైట్ల ప్రతిముక్కకును 3 ప్రతులు, ప్రతి 64 కిలోబైట్లకును ఒక సరిచూపు సంఖ్య యుండెను. ఒక ప్రతి చెడినచో మరియొకదానినుండి చదువుదురు.

డిజిటల్ గ్రంథాలయపు పాత సైటు పిమ్మట మూతపడెను. అందలి గ్రంథములనేకము ఇంటర్నెట్ ఆర్కైవునకు చేరినవి. ప్రతి తీసిననాడు సగమే వచ్చిన పుట అక్కడను సగమే. కాగితపు పుస్తకమెక్కడ మిగిలినదో వెదకి మరల స్కాన్ చేయింపవలెను.