నత్తల గుంపును వీడిన బార్నకిల్

ఓడల అడుగున సున్నపు పెంకుతో అంటియుండు బార్నకిల్‌ను క్యూవియే పండితుడు నత్తలు, ఆలుచిప్పలు గల మొలస్కా వర్గమున చేర్చెను. పెంకు మాత్రమే చూచినవారికి అది సబబే. ఐర్లండులోని కార్క్ నగరమున సైనిక వైద్యుడు జాన్ వాన్ థామ్సన్ 1826లో సన్నని వలతో సముద్రపు నీటినుండి కొన్ని సూక్ష్మజీవులను పట్టి గాజుపాత్రలో నుంచెను. రెండు కన్నులు, ఆరు జతల ఈతకాళ్లు! కొలది దినములకు వానిలో రెండు కుబుసము విడిచి, పాత్ర అడుగున అంటుకొని, బార్నకిల్ పిల్లలైనవి. కీళ్లకాళ్లు, కుబుసము రొయ్యకు, పీతకు కలవు గాని నత్తకెక్కడివి? 1830లో థామ్సన్ ఈ సంగతి ప్రకటించెను. బార్నకిల్ క్రస్టేషియాలో చేరినది. తలతో రాతినంటి, ఈకలవంటి కాళ్లతో ఆహారమును నోటికి తోసికొను ఈ విచిత్రజీవులపై డార్విన్ 1846 నుండి 1854 వరకు శ్రమించెను.