అవుట్‌బోర్డు మోటారు నిర్వహణ

అవుట్‌బోర్డు మోటారు అనగా పడవ వెనుక పలకకు బయటివైపున బిగించే ఇంజను. ఇంజను, గేర్లు, ప్రొపెల్లరు మూడూ ఒకే నిలువు అమరికలో ఉంటాయి. దీని దైనందిన, వార్షిక నిర్వహణలో అధిక భాగాన్ని పడవ యజమాని సాధారణ పనిముట్లతో స్వయంగా చేసుకోవచ్చు. ఉప్పు, ఇంధనంలో చేరిన నీరు, పాతబడిన ఆయిలు - ఈ మూడింటి వలన కలిగే చెడును ముందుగానే అరికట్టడం ఈ నిర్వహణలో ముఖ్యాంశం. రోడ్డుమీద ఆగిన వాహనాన్ని పక్కకు నెట్టవచ్చు. కెరటాలు విరిగే చోట మోటారు ఆగితే పడవ అలకు అడ్డం తిరిగి బోల్తా పడవచ్చు. కనుక ఇది ఖర్చుకు మాత్రమే కాక ప్రాణరక్షణకు కూడా సంబంధించిన విషయం.

నేపథ్యం

నార్వేలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరంలో ఈ మోటార్ల తయారీని ప్రారంభించాడు. అంతకు ముందే కామెరాన్ వాటర్‌మన్ వంటివారు ఇటువంటి మోటార్లను తయారు చేసినప్పటికీ, ఇవి విస్తృతంగా వాడుకలోకి రావడానికి ఎవిన్‌రూడ్ కృషి ముఖ్య కారణం. ఆయన పేరుతో వచ్చిన మోటార్ల తయారీ 2020లో నిలిచిపోయింది.

ఆంధ్ర తీరంలో తెరచాపతోను, తెడ్లతోను నడిచిన కొయ్య తెప్పల స్థానంలో ఫైబరు పడవలు వచ్చిన తరువాత చిన్న అవుట్‌బోర్డు మోటార్ల వాడకం పెరిగింది. రేవు లేని ఇసుక తీరంలో పడవను ఒడ్డుకు చేర్చేటపుడు ప్రొపెల్లరును నీటిపైకి ఎత్తే వీలుండడం వీటి సౌలభ్యం.

జాగ్రత్తలు

* ప్రొపెల్లరును తాకే ముందు మోటారును ఆపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, స్పార్క్ ప్లగ్గుల తీగలను ఊడదీయాలి.
* మూసి ఉన్న గదిలో మోటారును నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకం.
* ఇంధనంతో పని చేసేటపుడు దగ్గరలో బీడీ, దీపం, పొయ్యి ఉండరాదు.
* మోటారుతో పాటు వచ్చే పుస్తకంలోని కొలతలే ప్రమాణం. ఇక్కడ ఇచ్చిన గడువులు సాధారణమైనవి.

మంచినీటితో కడగడం

మోటారు తన చుట్టూ ఉన్న నీటినే లోపలికి పీల్చుకొని చల్లబడుతుంది. సముద్రంలో నడిచిన మోటారును అలాగే వదిలివేస్తే లోపలి దారులలోని నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ఇది పొరలు పొరలుగా పేరుకొని దారులను మూసివేస్తుంది. అందువలన ఒడ్డుకు వచ్చిన ప్రతిసారీ సుమారు 10 నిమిషాల పాటు మంచినీటితో కడగాలి. నీరు పీల్చుకునే రంధ్రాలపై చెవిదొప్పల వంటి రబ్బరు తొడుగులు పెట్టి, వాటికి నీటి గొట్టాన్ని తగిలించి, న్యూట్రల్‌లో తక్కువ వేగంతో నడపడం ఒక పద్ధతి. కుళాయి లేని చోట, నీరు పీల్చుకునే రంధ్రాలు మునిగేంత వరకు మంచినీరు నింపిన పెద్ద డ్రమ్ములో నడపవచ్చు.

నీరు లేకుండా మోటారును కొద్ది సెకన్లు కూడా నడపరాదు. నీటిని తోడే పంపులోని రబ్బరు ఇంపెల్లరు పొడి రాపిడికి వేడెక్కి చిరిగిపోతుంది. మోటారు నడుస్తున్నపుడు పక్కనున్న చిన్న రంధ్రం నుండి సన్నని నీటిధార వస్తుంది. ధార సన్నగిల్లినా, ఆగినా వెంటనే మోటారును ఆపాలి. ముందుగా ఆ రంధ్రంలో ఇసుక, ఉప్పు అడ్డుపడ్డాయేమో సన్నని తీగతో చూడాలి. ఇంపెల్లరు పైకి బాగానే కనిపించినా, ఉప్పునీటిలో నిత్యం నడిచే మోటారుకు ఏటా మార్చడం మంచిది.

ఇంజను ఆయిలు, గేరు ఆయిలు

ఫోర్ స్ట్రోక్ మోటారులో ఇంజను ఆయిలును సాధారణంగా 100 గంటలకు ఒకసారి, లేదా ఏడాదికి ఒకసారి, ఏది ముందు వస్తే అపుడు మార్చాలి. టూ స్ట్రోక్ మోటారులో ఆయిలు ఇంధనంతో కలిసి కాలిపోతుంది. పెట్రోలులోనే ఆయిలు కలిపే అనేక మోటార్లలో ఈ పాళ్ళు 50:1, అనగా 5 లీటర్ల పెట్రోలుకు 100 మిల్లీలీటర్ల ఆయిలు. ఇందుకు టీసీ-డబ్ల్యూ3 అనే ముద్ర గల పడవ మోటారు ఆయిలునే వాడాలి. మోటారు సైకిళ్ళ 2టీ ఆయిలు గాలితో చల్లబడే ఇంజన్ల కొరకు తయారైనది.

గేరు ఆయిలు మార్చే క్రమం:

# మోటారును నిటారుగా నిలిపి, క్రింద ఒక పాత్ర ఉంచాలి.
# ముందు క్రింది మరను, తరువాత పై మరను విప్పి ఆయిలును పూర్తిగా కారనివ్వాలి.
# కొత్త ఆయిలును క్రింది రంధ్రం నుండి పైకి ఎక్కించాలి. పై నుండి పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది.
# పై రంధ్రం నుండి బుడగలు లేని ఆయిలు రాగానే ముందు పై మరను, తరువాత క్రింది మరను బిగించాలి. రెంటికీ కొత్త వాషర్లు వేయాలి.

కారిన ఆయిలు పాలవలె తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరినట్లు గుర్తు. ఇనుప రజను కొద్దిగా ఉండడం సహజం. ముక్కలు కనిపిస్తే గేర్లు దెబ్బతిన్నట్లు భావించాలి.

ఇంధనం

పెట్రోలులో కలిపే ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. నీరు ఒక పరిమితిని మించితే ఇథనాలు, నీరు కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా చేరతాయి. భారతదేశంలో పెట్రోలులో ఇథనాలు శాతం 2025 నాటికి 20కి చేరింది. అనేక అవుట్‌బోర్డు తయారీదారులు మాత్రం 10 శాతం వరకే అనుమతిస్తున్నారు. కనుక వాడే మోటారుకు ఏది సరిపోతుందో పుస్తకంలో చూసుకోవాలి. పెట్రోలును నెలల తరబడి నిలువ ఉంచరాదు. నీటిని వేరుచేసే ఫిల్టరును తరచు పరిశీలించాలి. రబ్బరు గొట్టాలు మెత్తబడినా, పగిలినా మార్చాలి.

ఆనోడులు, ప్రొపెల్లరు

ఉప్పునీటిలో వేర్వేరు లోహాలు కలిసి ఉంటే వాటిలో ఒకటి క్రమంగా తినివేయబడుతుంది. మోటారు దేహం బదులు తాము కరిగిపోయేందుకు ఆనోడులనే చిన్న లోహపు దిమ్మలను బిగిస్తారు. సముద్రానికి జింకు లేదా అల్యూమినియం, మంచినీటికి మెగ్నీషియం లేదా అల్యూమినియం వాడతారు. సగం కరిగిన దిమ్మను మార్చాలి. దానిపై రంగు వేస్తే అది పనిచేయదు.

ప్రొపెల్లరును అపుడపుడు విప్పి చూడాలి. ఇరుసుకు చుట్టుకున్న వల దారం సీలును కోసివేయగలదు. గేరు పెట్టెలోకి నీరు చేరడానికి ఇదొక సాధారణ కారణం. ఇరుసుకు పడవ గ్రీజు పూసి, కొత్త కాటరు పిన్నుతో తిరిగి బిగించాలి.

విరామ కాలం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల చేపల వేట నిషేధం అమలులో ఉంటుంది. మోటారు నిలిచి ఉండే ఈ కాలం వార్షిక నిర్వహణకు అనువైనది. నిలువ చేసే ముందే ఆయిళ్ళు మార్చాలి. పాత ఆయిలులో నీరు ఉంటే ఆ రెండు నెలలలో తుప్పు పడుతుంది. కార్బురేటరులోని ఇంధనాన్ని తీసివేసి, ప్లగ్గుల రంధ్రాలలో కొద్దిగా తుప్పు నివారణ ఆయిలు చల్లి, నీరంతా కారిపోయేలా మోటారును నిటారుగా నిలపాలి. తీసిన పాత ఆయిలును ఇసుకలోను, నీటిలోను పారబోయరాదు.

నీట మునిగిన మోటారు

పడవ బోల్తా పడి మోటారు మునిగితే, పైకి తీసిన తరువాత గాలి తగిలిన కొద్దీ తుప్పు వేగంగా పడుతుంది. వెంటనే మంచినీటితో కడిగి, ప్లగ్గులు విప్పి, లోపలి నీటిని వంచి తీయాలి. తరువాత చక్రాన్ని చేతితో నెమ్మదిగా తిప్పి చూడాలి. పట్టినట్లు అనిపిస్తే బలవంతం చేయరాదు. సిలిండరులో నీరు నిలిచి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. సులభంగా తిరిగితే సిలిండరులో ఆయిలు పోసి, అదే రోజు మెకానిక్కుకు చూపించాలి.

మెకానిక్కుకు వదలవలసిన పనులు

గేరు పెట్టె సీళ్ళు, ఎలక్ట్రానిక్ జ్వలన భాగాలు, ఫ్యూయల్ ఇంజెక్షను వంటి వాటికి ప్రత్యేక పనిముట్లు అవసరం. యజమాని ప్రతి పనికి తేదీని, నడిచిన గంటలను, ఆయిలు రంగును ఒక పుస్తకంలో వ్రాసి ఉంచితే మెకానిక్కుకు లోపాన్ని గుర్తించడం సులభమవుతుంది. ఎంత జాగ్రత్త తీసుకున్నప్పటికీ సముద్రంలోకి వెళ్ళేటపుడు అదనపు ప్లగ్గులు, పిన్నులు, స్టార్టరు తాడు, ప్లగ్గు స్పానరుతో పాటు తెడ్లు కూడా పడవలో ఉంచుకోవాలి.