‘నైస్’: ఒక ఆంగ్ల విశేషణపు అర్థచరిత్ర

ప్రాచీన గ్రంథాలు చదివేవారిని తెలియని పదం కంటె తెలిసిన పదమే ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. తెలియని పదం కోసం నిఘంటువు తెరుస్తాం. తెలిసిన దానికి ఆ అవసరం తోచదు. షేక్‌స్పియర్ ‘రోమియో అండ్ జూలియట్’ అయిదవ అంకంలో, జూలియట్ మరణం వట్టి నటన అని తెలిపే లేఖ రోమియోకు చేరలేదని ఫ్రయర్ లారెన్స్ తెలుసుకుంటాడు. ఆ లేఖ ‘నైస్’ అయినది కాదని వాపోతాడు. దీనిని ‘చక్కని ఉత్తరం కాదు’ అని అనువదిస్తే వాక్యం వ్యాకరణబద్ధంగానే ఉంటుంది, అర్థం మాత్రం చెడిపోతుంది. అక్కడ ‘నైస్’ అంటే అల్పమైనది, ఉపేక్షించదగినది. ఆ ఉత్తరం ఎంత ముఖ్యమైనదో చెప్పే మాటే అనువాదంలో జారిపోతుంది.

ఈ పదానికి మూలం లాటిన్ ‘నెస్కియుస్’. ‘నె’ నిషేధార్థకం, ‘స్కిరె’ అంటే తెలియడం, ‘సైన్స్’ అనే మాటకు మూలమైన ధాతువే ఇది. కాబట్టి వ్యుత్పత్తిని బట్టి ‘నైస్’ అంటే ఏమీ తెలియనివాడు. ప్రాచీన ఫ్రెంచి ద్వారా క్రీ.శ. 1300 ప్రాంతంలో ఆంగ్లంలో అడుగుపెట్టేనాటికి దాని అర్థం మూర్ఖుడు. ఛాసర్ రచనల్లో ఈ అర్థమే కనిపిస్తుంది. తరువాత అది విలాసలోలత్వానికీ, బిడియానికీ, అతిసుకుమారత్వానికీ వ్యాపించింది. సుకుమారుడికి ఏదీ ఒక పట్టాన నచ్చదు. ప్రతిదానిలోనూ పేచీ పెట్టేవాడు ఇతరులు చూడని భేదాలను చూస్తాడు. ఈ దారిలోనే ‘సూక్ష్మమైన, నిర్దుష్టమైన’ అనే అర్థం ఏర్పడింది. 16, 17 శతాబ్దాల ప్రయోగాలలో అనేకచోట్ల రచయిత ఉద్దేశించిన అర్థమేదో తేల్చడం కష్టమని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువే అంగీకరించింది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో మొదటి స్థానం సూక్ష్మ నిర్దుష్టతకే ఇచ్చాడు. నేటి ‘ఇంపైన’ అనే అర్థం స్థిరపడింది 18వ శతాబ్ది ఉత్తరార్ధంలోనే.

ఆ కొత్త అర్థం పండితులకు రుచించలేదు. 1817 చివర వెలువడిన జేన్ ఆస్టెన్ నవల ‘నార్తాంగర్ ఆబీ’లో కథానాయిక ఒక నవలను ‘నైస్’ అని మెచ్చుకుంటే హెన్రీ టిల్నీ ఆమెను ఆటపట్టిస్తాడు. పూర్వం చక్కదనం, ఔచిత్యం, నాజూకుతనం మొదలైనవాటికే పరిమితమై ఉండిన మాట ఇప్పుడు అన్నిటికీ చెల్లుతోందని అతని ఫిర్యాదు. అయితే అతడు ‘పూర్వం’ అన్నది నిజానికి నడిమి దశ. అసలు పూర్వార్థాన్నే పట్టుకుంటే ఆమె ఆ నవలను తెలివితక్కువది అన్నట్టవుతుంది! మూలార్థం పేరిట వాదించేవారు తమకు నచ్చిన మజిలీ దగ్గరే ఆగుతారనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మన పాఠ్యగ్రంథాలు అర్థసౌమ్యతకు ‘సభికులు’ పదాన్నీ, అర్థగ్రామ్యతకు ‘కంపు’ను చూపుతాయి. జూదశాల నిర్వాహకుడు సభలోని పెద్దమనిషి అయ్యాడు, పరిమళం దుర్గంధమైంది. ఈ వర్గీకరణ బోధనకు సులువే గాని ‘నైస్’ వంటి పదానికి చాలదు. చెడు నుంచి మంచికి అనేస్తే మధ్యలోని బిడియం, పేచీ, సూక్ష్మత అన్నీ లెక్కకు రాకుండా పోతాయి. దీనికి దగ్గరి పోలిక ‘ముగ్ధ’. మోహార్థకమైన ‘ముహ్’ ధాతువు నుంచి పుట్టిన ‘ముగ్ధ’ శబ్దం సంస్కృతంలోనే మూఢత్వాన్నీ, అమాయకత్వాన్నీ, మనోహరత్వాన్నీ చెప్పింది. ఇక ‘ఛాందసుడు’ ఎదురుదారి పట్టాడు: వేదం చదివినవాడు లోకజ్ఞానం లేనివాడయ్యాడు. ‘ముగ్ధ’లో పాత అర్థాలు కొత్తదాన్ని విడిచిపెట్టలేదు, అందువల్ల ఒక పద్యంలో ఏది ప్రధానమో వ్యాఖ్యాత ప్రతిసారీ నిర్ణయించుకోవలసిందే.

‘నైస్’ తెలుగులోకి వచ్చాక కూడా కుదురుగా లేదు. వంటింట్లో పిండి నైసుగా రుబ్బమంటే గరుకు లేకుండా మెత్తగా అని. నైసుగా మాట్లాడి పని జరుపుకున్నాడంటే అందులో మెప్పు కంటె అనుమానమే ఎక్కువ. రుబ్బుడుకు సంబంధించిన అర్థం ఆంగ్లంలోని పాత సూక్ష్మార్థానికి వారసత్వమనడం తొందరపాటు. మన ‘నునుపు’కు ఉన్న వాడుక దానిని లాక్కుని ఉండవచ్చు. నునుపైన పిండి, నున్నని మాట రెండూ మనకు ముందే ఉన్నాయి.